రిఫ్రెష్ పూర్తయిందంటుంది, రిపోర్టులో మాత్రం వోచర్లు తక్కువ

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నెల్లూరులో ప్రధాన కార్యాలయం, కోవూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కావలి, కందుకూరు, సింగరాయకొండలలో డిపోలు ఉన్న రొయ్యల మేత వ్యాపారం మీది. ప్రతి డిపో గుమస్తా ఆ రోజు అమ్మకాలను టాలీ (ఖాతాల సాఫ్ట్‌వేర్) నుంచి సీఎస్‌వీ ఫైలుగా (గడులను కామాలతో విడదీసిన సాదా పట్టికగా) తీసి కార్యాలయం కంప్యూటరులోని ఉమ్మడి ఫోల్డరులో వేస్తారు. రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ తెల్లవారుజామున నాలుగున్నరకు గేట్‌వే (కార్యాలయం కంప్యూటరును ఇంటర్నెట్‌లోని పవర్ బీఐకి కలిపే వారధి) ద్వారా ఆ ఫైళ్లను చదువుకుంటుంది, దాన్నే రిఫ్రెష్ అంటారు. రిఫ్రెష్ చరిత్రలో రోజూ ‘పూర్తయింది’ అనే కనిపిస్తున్నా, నెల అమ్మకం టాలీ మొత్తం కంటే నాలుగైదు లక్షలు తక్కువగా వస్తున్నది. ఆ తేడా కూడా ఒక రోజు ఉన్నంత మరో రోజు ఉండడం లేదు. లోపం గేట్‌వేలో ఉందా, లేక ఎక్కిన డేటా అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలా అని అడిగారు.

దయచేసి ఇప్పుడే ఏదీ చెరపకండి. మళ్లీ ఎక్కించిన తరువాత తేడా మాయమైతే మీకు సంతోషంగానే ఉంటుంది గానీ, అది ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన సాక్ష్యం కూడా దానితో పాటే పోతుంది, పది రోజుల తరువాత అదే తేడా తిరిగి వస్తుంది. ఈ రోజు ఫోల్డరులో ఉన్న ఫైళ్లన్నింటినీ, రిపోర్టు ఫైలునూ తేదీ వేసి వేరే చోట నకలు ఉంచుకోండి. మిగిలిన పని దాని మీద చేద్దాం.

ఇక ‘పూర్తయింది’ అన్న మాట సంగతి. కోవూరు మిల్లు నుంచి బయలుదేరిన లారీ కృష్ణపట్నం రేవుకు చేరడం ఒక సంగతి, ఎక్కించిన బస్తాలన్నీ అక్కడ దిగడం మరొక సంగతి. రిఫ్రెష్ చెప్పేది మొదటి దాని గురించే. దారిలో ప్రోగ్రాము ఎక్కడా ఆగిపోలేదు అన్నంత వరకే దాని సాక్ష్యం. ఎన్ని వరుసలు రావలసి ఉండెనో దానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి తక్కువ వచ్చాయని అది చెప్పలేదు. అందువల్ల గేట్‌వేను అనుమానించడం నా దృష్టిలో చివరి పని. గేట్‌వే చెడినప్పుడు సాధారణంగా రిఫ్రెష్ మొత్తం విఫలమై ఎర్ర గుర్తు పడుతుంది. ఇక్కడ కొన్ని వరుసలను వదిలి కొన్నింటిని మోసుకొస్తున్నదంటే ఆ ఎంపిక మరెక్కడో జరుగుతున్నది.

రూపాయల తేడాను పట్టుకుని వెతకవద్దని నా మొదటి సలహా. రూపాయల తేడా అన్నది నికరపు తేడా. ఒక డిపోలో పది బిల్లులు పోయి, మరో డిపోలో నాలుగు బిల్లులు రెండుసార్లు ఎక్కి ఉంటే, మీకు కనిపించే అంకె ఆ రెండింటికీ సంబంధం లేని మూడో అంకె అవుతుంది. పైగా ఒకవైపు పన్నుతో కలిపిన బిల్లు మొత్తం, మరొకవైపు పన్ను లేని విలువ పెట్టి పోల్చినా, వాపసు సరుకుకు రాసిన క్రెడిట్ నోట్లను ఒకవైపు తీసివేసి మరొకవైపు తీసివేయకపోయినా, వరుసలన్నీ సక్రమంగా వచ్చి కూడా తేడా కనిపిస్తుంది. కాబట్టి ముందు వోచర్ల (బిల్లు లాంటి ఒక్కో టాలీ నమోదు) సంఖ్యను లెక్కించండి, డిపో వారీగా, తేదీ వారీగా.

ఈ లెక్క నాలుగు గేట్ల దగ్గర తీయాలి. టాలీలో ‘స్టాటిస్టిక్స్’ అనే తెర ఉంది; ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయో అదే చెబుతుంది. అది మొదటి గేటు. డిపో పంపిన ఫైలులో ఎన్ని వేర్వేరు వోచరు నంబర్లు ఉన్నాయో రెండవది. ఒక బిల్లులో మూడు రకాల మేత ఉంటే ఫైలులో మూడు వరుసలు ఉండవచ్చు గనుక వరుసలను కాక నంబర్లనే లెక్కించాలి. పవర్ క్వెరీ (పవర్ బీఐలో ఫైళ్లను చదివి మెట్టు మెట్టుగా శుభ్రం చేసే భాగం) చివరి మెట్టులో ఉన్న సంఖ్య మూడవది. మోడల్‌లోకి (రిపోర్టు లెక్కలు తీసుకునే పట్టికల్లోకి) ఎక్కిన తరువాత, ఏ ఫిల్టరూ లేని ఖాళీ పేజీలో కార్డు (ఒకే అంకె చూపే గడి) పెట్టి చూసిన సంఖ్య నాలుగవది. ఏ రెండు గేట్ల మధ్య సంఖ్య తగ్గిందో మీకు తెలిసిన క్షణంలోనే వెతకవలసిన చోటు మూడో వంతుకు కుదించుకుపోతుంది. మొదటి రెండు గేట్ల మధ్యే తగ్గి ఉంటే పవర్ బీఐకి ఆ పాపంలో భాగమే లేదు.

ఆ తరువాత తప్పిపోయిన వోచర్ల జాబితా తీయండి. టాలీ నుంచి నెల మొత్తానికి కొత్తగా ఒక ఫైలు తీసి, పవర్ క్వెరీలో రిపోర్టు పట్టికతో మెర్జ్ (రెండు పట్టికలను జతచేయడం) చేసేటప్పుడు ‘లెఫ్ట్ యాంటీ’ రకం ఎంచుకుంటే, టాలీలో ఉండి రిపోర్టులో లేనివి మాత్రమే మిగులుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చాలాచోట్ల బిల్లు నంబరు ప్రతి ఏప్రిల్‌లో ఒకటి నుంచి మొదలవుతుంది, ప్రతి డిపోకూ విడిగా మొదలవుతుంది. కాబట్టి నంబరు ఒక్కటే పెట్టి కలిపితే కావలి 112, కందుకూరు 112 ఒకటే అయిపోతాయి. డిపో, వోచరు రకం, ఆర్థిక సంవత్సరం, నంబరు నాలుగూ కలిపితేనే అది తాళంచెవి, అంటే ఒక్కో బిల్లును విడిగా పోల్చుకునే గుర్తు, అవుతుంది. ఇంకొకటి, పవర్ క్వెరీ ఇంగ్లిషు పెద్ద అక్షరాలనూ చిన్న అక్షరాలనూ వేర్వేరుగా చూస్తుంది, వెనుక అంటుకున్న ఖాళీని కూడా అక్షరంగానే లెక్కిస్తుంది. మోడల్‌లోకి వెళ్లిన తరువాత మాత్రం పెద్ద చిన్న అక్షరాల భేదం ఉండదు. కాబట్టి పోల్చేముందు రెండు వైపులా ఖాళీలు తీసి, అన్నింటినీ పెద్ద అక్షరాల్లోకి మార్చండి. లేకపోతే లేని తేడాల వెంట ఒక రోజంతా తిరుగుతారు.

ఆ జాబితాను మొత్తాల ప్రకారం కాకుండా తేదీ, డిపో, నమోదైన సమయం ప్రకారం పేర్చి చూడండి. తప్పిపోయిన వరుసలకు ఒక ఆకారం ఉంటుంది. ఆ ఆకారమే కారణం పేరు చెబుతుంది.

మీ ఏర్పాటును బట్టి నాకు అన్నింటికంటే ఎక్కువగా అనుమానం కలిగేది మొదటి రెండు గేట్ల మధ్య దారి మీదే. టాలీలో తెర మీద ఏ తేదీల వ్యవధి ఉన్నదో ఆ వ్యవధిలోని వోచర్లే ఫైలులోకి వస్తాయి. మీ గుమస్తా ప్రతి రాత్రి ‘ఆ రోజు’ ఫైలు మాత్రమే తీస్తున్నారు. ఇప్పుడు 5వ తేదీన మేత తీసుకుపోయిన రైతు బిల్లును 8వ తేదీన, 5వ తేదీ వేసి నమోదు చేశారనుకోండి. 5వ తేదీ ఫైలు అప్పటికే వెళ్లిపోయింది, 8వ తేదీ ఫైలులో 8వ తేదీ వోచర్లే ఉంటాయి. ఆ బిల్లు టాలీలో ఉంటుంది, ఏ ఫైలులోనూ ఉండదు, ఎవరూ తప్పు చేయలేదు. మన ప్రాంతపు మేత వ్యాపారంలో ఇది అరుదైన సంగతి కాదు. వెనామీ రొయ్యల పంట మూడు నాలుగు నెలలు నడుస్తుంది, మేత అప్పు మీద వెళుతుంది, పట్టుబడి (గుంటలో రొయ్యలు పట్టడం) అయ్యాక రైతు లెక్క తేల్చుకునేటప్పుడు పాత బిల్లుల్లో ధర సవరణలు, తగ్గింపులు, వాపసు బస్తాలు అన్నీ పాత తేదీలతోనే దిద్దుతారు. నెలాఖరున తేడా పెరుగుతూ, దిద్దుబాట్లు లేని రోజుల్లో నిలకడగా ఉంటే ఇదే కారణమని దాదాపు నిశ్చయించుకోవచ్చు. జాబితాలో వోచరు తేదీకీ నమోదైన తేదీకీ మధ్య ఎడం కనిపిస్తే సందేహమే అక్కరలేదు.

దీనికి మందు సులభమే. రోజు ఫైలు మానేసి, ఆర్థిక సంవత్సరం మొదలైన ఏప్రిల్ 1 నుంచి ఈనాటి వరకు మొత్తాన్ని ప్రతి రాత్రి ఒకే పేరుతో, పాత ఫైలు మీదనే రాయించండి. ఆరు డిపోల ఏడాది అమ్మకాలు పవర్ బీఐకి పెద్ద బరువేమీ కాదు. పాత ఫైలు చోటులో కొత్తది పడాలి తప్ప పక్కన చేరకూడదు. చేరితే అమ్మకం రెట్టింపవుతుంది. ఇలా చేస్తే టాలీలో రద్దు చేసిన, తొలగించిన వోచర్లు కూడా రిపోర్టు నుంచి వాటంతట అవే పోతాయి. రోజు ఫైళ్ల పద్ధతిలో అవి ఎప్పటికీ పోవు, కాబట్టి మీ రిపోర్టులో ఇప్పుడు కొన్ని ఎక్కువ వరుసలు కూడా ఉండే అవకాశం ఉంది. యాంటీ మెర్జ్‌ను తిరగేసి అది కూడా చూడండి.

భవిష్యత్తులో డేటా పెరిగి ఇంక్రిమెంటల్ రిఫ్రెష్‌కు మారాలనుకుంటే ఈ గొడవే మరో రూపంలో వస్తుంది, ఎందుకంటే అది కూడా చివరి కొన్ని రోజులనే మళ్లీ చదువుతుంది. ఆ కిటికీ కనీసం ఒక పంట కాలమంతా ఉండాలి. రేంజ్‌స్టార్ట్ (వ్యవధి మొదలు) వైపు ‘సమానం లేదా ఎక్కువ’, రేంజ్‌ఎండ్ (వ్యవధి చివర) వైపు ‘తక్కువ’ మాత్రమే అని షరతు రాయాలి. రెండు వైపులా సమానం ఉంటే సరిహద్దు రోజు రెండుసార్లు ఎక్కుతుంది. రెండు వైపులా సమానం లేకపోతే అర్ధరాత్రి సున్నా గంటలకు పడిన వరుసలు రాలిపోతాయి; వోచరు తేదీకి గంటలు, నిమిషాలు ఉండవు గనుక అన్ని వోచర్లూ అర్ధరాత్రి పడినట్లే లెక్క, అంటే రాలేది ఒకటి రెండు వరుసలు కాదు, సరిహద్దు రోజు మొత్తం.

రెండవ అనుమానం సమయం మీద. గుంటల దగ్గర పట్టుబడి రాత్రివేళ, తెల్లవారుజామున సాగే రోజుల్లో డిపోలు కూడా ఆలస్యంగా మూస్తారు, ఫైలు ఉదయం ఆరింటికో ఏడింటికో వస్తుంది. నాలుగున్నర రిఫ్రెష్‌కు అది అందదు. తేడా రోజుకో తీరుగా ఉండడానికి ఇది సరిపోయే కారణం. ఫైలు ఇంకా నకలవుతూ ఉండగానే రిఫ్రెష్ మొదలైతే సగం ఫైలే చదవబడవచ్చు కూడా. ఫైలును వేరే పొడిగింపుతో రాసి, రాయడం ముగిశాక మాత్రమే సీఎస్‌వీ అని పేరు మార్చే ఏర్పాటు చేసి, పవర్ క్వెరీలో సీఎస్‌వీ పొడిగింపు ఉన్న ఫైళ్లనే తీసుకోండి. ప్రో లైసెన్సులో రోజుకు 8 షెడ్యూలు రిఫ్రెష్‌లు ఉన్నాయి. ఒకదాన్ని ఉదయం ఏడున్నరకు, మరొకదాన్ని పదకొండుకు పెట్టుకుంటే నష్టమేమీ లేదు.

అదే తెల్లవారుజాముకు ఇంకొక చిక్కు ఉంది. పవర్ బీఐ సర్వీసులో డాక్స్ (పవర్ బీఐ సూత్రాల భాష) ‘టుడే’ ఫంక్షన్ యుటిసి (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీని ఇస్తుంది. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మనకు నాలుగున్నర అయినప్పుడు అక్కడ ముందు రోజు రాత్రి పదకొండు. మీ తేదీల పట్టికను ‘టుడే’ వరకు అని డాక్స్‌తో కట్టి ఉంటే, ఆ రిఫ్రెష్‌లో పట్టిక నిన్నటితోనే ఆగుతుంది, ఈ రోజు వేకువన వేసిన బిల్లులు మోడల్‌లో ఉండి కూడా తేదీ లేని ఖాళీ గడి కింద పడతాయి. తేదీల పట్టికను ఎప్పుడూ ఆర్థిక సంవత్సరం చివరి రోజు అయిన మార్చి 31 వరకు ముందే కట్టుకోవడం మంచిది.

ఫైలుకూ క్వెరీకీ మధ్య వరుసలు తగ్గితే వెతకవలసినవి వేరు. అందులో నన్ను అన్నింటికంటే ఎక్కువ ఏడిపించినది తేదీ. మన ఫైలులో 05/08/2025 అంటే ఆగస్టు 5. చదివే యంత్రం అమెరికా పద్ధతిలో ఉంటే దాన్ని మే 8 అని తీసుకుంటుంది, ఏ తప్పూ చూపదు. 13వ తేదీ నుంచి మాత్రం పదమూడో నెల లేదు గనుక గడిలో ఎర్రర్ పడుతుంది. కాబట్టి తప్పిపోయినవన్నీ ప్రతి నెలా 13 నుంచి 31 వరకే ఉండి, మొదటి పన్నెండు రోజుల అమ్మకాలు సంబంధం లేని నెలల్లో తేలితే మరో ఆలోచన అక్కరలేదు. రకం మార్చే మెట్టులో ‘యూజింగ్ లొకేల్’ ఎంచుకుని ఇంగ్లిషు (ఇండియా) అని స్పష్టంగా చెప్పండి. ఎవరి కంప్యూటరులో తెరిచినా అర్థం మారకూడదు.

ఎర్రర్ పడిన గడి లోడ్‌లో ఖాళీ అవుతుంది, వరుస మాత్రం ఉంటుంది. ఆ వరుస కూడా పోయిందంటే ఎవరో ‘రిమూవ్ ఎర్రర్స్’ మెట్టు పెట్టి ఉంటారు. రిఫ్రెష్ ఆగిపోతున్నప్పుడు, యజమాని రిపోర్టు కోసం నిలబడి ఉన్నప్పుడు ఆ మీట నొక్కడం సహజమే, నేనూ నొక్కాను. కానీ ఆ మెట్టు చెల్లని వరుసలను ఏ లెక్కలోనూ రాయకుండా పారవేస్తుంది. దాని బదులు ‘కీప్ ఎర్రర్స్’తో మరొక క్వెరీ కట్టి, తప్పు వరుసలన్నింటినీ ఒక పట్టికలో చూపించండి. ఆ పట్టిక ఖాళీగా ఉన్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు.

ఎడిటరులో ‘ఎర్రర్ సున్నా శాతం’ అని పచ్చగా కనిపించిందని నమ్మకండి. మొదట పెట్టి ఉండే అమరికలో అది పైనున్న 1,000 వరుసలనే చూసి చెబుతుంది. కింది పట్టీలో నొక్కి మొత్తం డేటాకు మార్చితేనే నిజం తెలుస్తుంది. కాలమ్ రకాన్ని ఊహించడం కూడా అంతే, మొదటి 200 వరుసలను చూసి నిర్ణయిస్తుంది. మొదటి రెండు వందల బిల్లు నంబర్లూ అంకెలే అయి, ఆ తరువాత ఎక్కడో ‘212ఏ’ అని వస్తే అక్కడ ఎర్రర్ పడుతుంది. నంబరు అని పేరున్నంత మాత్రాన బిల్లు నంబరు అంకె కాదు, దాన్ని టెక్స్టుగానే ఉంచండి.

ఒంగోలులో నేను చూసుకున్న ఒక సంస్థలో ఇంకో వింత జరిగింది. ఒక శాఖ నుంచి మూడు వందలకు పైగా బిల్లులు పోయాయి, తేదీకీ సమయానికీ ఏ పొంతనా కుదరలేదు. ఫైలు తెరిస్తే అన్నీ ఉన్నాయి, క్వెరీలో లేవు. మూడు రోజులు గేట్‌వే చుట్టూ తిరిగాక, ‘వివరాలు’ అన్న కాలమ్‌ను గడి పొడవు ప్రకారం పేర్చినప్పుడు ఒకే గడిలో వేల అక్షరాలు కనిపించాయి. ఎవరో ఆ గడి మొదట్లో జంట కొటేషన్ గుర్తు కొట్టి మూయడం మరిచిపోయారు. మరో చోట మరో కొటేషన్ గుర్తు దొరికేంత వరకు వచ్చిన బిల్లులన్నింటినీ ప్రోగ్రాము ఆ ఒక్క గడిలోని వ్యాఖ్యగానే చదువుకుంటూ పోయింది. అప్పటి నుంచి తప్పిపోయిన వరుసలు వరుసగా, ఒకే ముద్దగా ఉంటే నేను ముందు అతి పొడవైన గడిని వెతుకుతాను. సీఎస్‌వీ చదివే మెట్టులో ‘కాలమ్స్’ అని ఒక అంకె కూడా రాసి ఉంటుంది. మొదట కట్టిన రోజు 12 కాలమ్‌లు ఉంటే 12 అని. తరువాత డిపో ఒక కాలమ్ చేరిస్తే అది చెప్పకుండానే కోతపడుతుంది.

సంఖ్య గుండ్రంగా ఉంటే అది పరిమితి లక్షణం. సరిగ్గా 1,000 దగ్గరో 5,000 దగ్గరో ఆగితే పేజీల వారీగా ఇచ్చే మూలం నుంచి మొదటి పేజీ మాత్రమే వచ్చిందని అర్థం. పాత ఎక్సెల్ ఫైలుకు 65,536 వరుసలు, కొత్త దానికి 10,48,576 వరుసలు హద్దు. 2020లో ఇంగ్లండులో సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయినది ఈ పాత హద్దు వల్లనే. మీ సీఎస్‌వీలను ఎవరైనా మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తున్నారేమో అడగండి. ఎక్సెల్ అంకెల్లో 15 స్థానాలకు మించినవి సున్నాలవుతాయి, తేదీల రూపం కూడా మారుతుంది.

నాలుగో గేటు దగ్గర సాధారణంగా వరుసలు పోవు, దాక్కుంటాయి. మొత్తం సరిపోయి మండలాల వారీ మొత్తం మాత్రం తగ్గితే మాస్టర్ పట్టికలో (ఊళ్లు, మండలాల పేర్ల మూల జాబితాలో) జత దొరకని పేర్లు ఖాళీ కింద ఉన్నాయి, ఆ ఖాళీని ఎవరో ఫిల్టరు చేశారు. క్వెరీలోనే ‘ఇన్నర్’ రకం (జత దొరికిన వరుసలనే ఉంచే) మెర్జ్ వాడి ఉంటే మాత్రం నిజంగానే పోతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి; ఆ హద్దుల్లో కొన్ని ఆ తరువాత మళ్లీ మారాయి. జిల్లా పేరు, మండలం పేరు కలిపి జత చేసే పాత మాస్టర్ మీ దగ్గర ఉంటే కందుకూరు డిపో మొత్తం ఎక్కడికి పోయిందో వెతకనవసరం లేదు. ‘లెఫ్ట్ ఔటర్’కు (జత దొరకని అమ్మకం వరుసలను కూడా ఉంచే రకానికి) మార్చండి, జిల్లా పేరును తాళంచెవి నుంచి తీసేయండి.

విలువ సరిపోయి పరిమాణం ఒక్కటే సరిపోకపోతే అది లోడ్ సమస్య కాదు, కొలతల సమస్య. ధాన్యం కూడా కొనే సంస్థల్లో ఒకచోట క్వింటాళ్లు, మరోచోట పుట్లు రాసి ఉండడం చూశాను. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలని పట్టికకు ఎవరూ చెప్పి ఉండరు.

అన్నీ సరిచేశాక ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. ప్రతి డిపో తన ఫైలుతో పాటు మరో చిన్న ఫైలు పంపాలి. అందులో ఒకే వరుస, దానిలో డిపో పేరు, టాలీ స్టాటిస్టిక్స్‌లోని అమ్మకం వోచర్ల సంఖ్య, మొత్తం విలువ, ఫైలు తీసిన సమయం. రిపోర్టు మొదటి పేజీ మూలన డిపో పంపానన్న సంఖ్యనూ, మోడల్‌కు చేరిన సంఖ్యనూ పక్కపక్కన చూపించి, రెండూ కలవకపోతే గడి ఎర్రబడేటట్లు పెట్టండి. ఆ సంఖ్యను గుమస్తా టాలీ తెర మీద చూసి తన చేతితో రాయాలి, ఎగుమతైన ఫైలు నుంచే లెక్క తీయకూడదు; ఫైలులోనే లోపం ఉంటే ఆ లెక్క కూడా దానితో పాటే తప్పుతుంది. డిపోల వాళ్లు మొదటి వారం విసుక్కుంటారు, ఆ తరువాత వాళ్లే ఎర్ర గడి చూసి ఫోన్ చేస్తారు.

ఈ రోజు సాయంత్రంలోగా ఒక్క నెలకు యాంటీ మెర్జ్ చేసి, వచ్చిన జాబితాలో రైతుల పేర్లూ మొత్తాలూ తీసేసి, డిపో, వోచరు తేదీ, నమోదైన తేదీ, సమయం మాత్రం రాసి పంపండి. పవర్ క్వెరీలోని మెట్ల పేర్లు కూడా వరుసక్రమంలో జతచేస్తే, వాటిలో ఏది ఆ వరుసలను తినేస్తున్నదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.